పుర్రె టోపీ మీద ఎర్రచుక్క

తలుపు తోసిన లక్ష్మీదేవమ్మకు ముందు పుర్రె కనిపించింది. ఆ తరువాతే దాని కింద నేలమీద పడి ఉన్న భర్త శవం.

పుర్రె నిజమైనది కాదు. గోడ అరమీద ఉన్న ఉక్కు టోపీ నుదుటిపై తెల్లరంగుతో గీసిన బొమ్మ. శవం మాత్రం నిజమైనదే. ఓబుళరెడ్డి బోర్లా పడి ఉన్నాడు. తల వెనుక దెబ్బ. పక్కనే టోపీలు నిలబెట్టేందుకు చేయించిన ఇనుప స్టాండు ఒకటి దొర్లి ఉంది. లక్ష్మీదేవమ్మ గడప దాటలేదు. అక్కడే కూలబడి కేకపెట్టింది.

అది తెల్లవారుజామున. కాఫీల వేళకల్లా సి.ఐ. భూపేష్ హంతకుణ్ణి పట్టేశాడు. ఆ స్టాండ్లు చేసిన వెల్డర్ ముబీన్. ముందురోజు సాయంత్రం ఆఖరి స్టాండు బిగించి వెళ్ళింది అతనే. స్టాండు మీద వేలిముద్రలూ అతనివే. సాయంత్రం మేజిస్ట్రేటు ముందు హాజరుపరిస్తే కేసు ఒక కొలిక్కి వచ్చినట్టే.

ముబీన్ తల్లి రహమతున్నీసా ఫోను చేసింది కర్నూలుకు, ఫిరోజాకు.

కర్నూలులో ప్రైవేటు డిటెక్టివ్‌కు వచ్చే పనిలో ముప్పాతిక వంతు పెళ్ళి సంబంధాల వాకబు. ఫిరోజా అంతకుముందు ఇన్సూరెన్సు కంపెనీకి దొంగ క్లెయిములు పట్టిపెట్టేది. కాలిన కొట్లలో బూడిద చూసి సరుకు ఉందో లేదో చెప్పిన మనిషి. ఆమె కడపలో దిగి ఓబుళరెడ్డి ఇంటికి చేరేసరికి రహమతున్నీసా గేటు బయట ఎండలో నిలబడి ఉంది.

"బేటీ, నా కొడుకు ఇనుమును కొడతాడు గానీ మనిషిని కొట్టేవాడు కాదమ్మా," అంది. "పొద్దుమునిగేలోపల జైలుకు తోలుకపోతారంట. ఒకసారి లోపలికి పోయినాక, రేపు ఇడిసిపెట్టినా వాన్ని హంతకుడనే అంటారు. వాని కొట్టుకు ఎవరొస్తారు? వాని పిల్లను ఎవరు చేసుకుంటారు?"

"పొద్దు ఇంకా నెత్తిమీదే ఉంది ఖాలా. నువ్వు నీడకు పో."

వరండాలో భూపేష్ ఎదురొచ్చాడు. నలభై దాటిన మనిషి. మీసం కన్నా మాట పదును.

"ఏం మేడమ్, కర్నూలులో పెళ్ళిళ్ళన్నీ అయిపోయినాయా?"

"అయిపోలేదు సార్. ఎవరి మెళ్ళోనో కట్టాల్సిన తాళి ముబీన్ మెళ్ళో కడతాండారని తెలిసి వచ్చినా."

"ఇది మర్డర్ కేసు. మీకు లోపల పని లేదు."

లోపలినుంచి లక్ష్మీదేవమ్మ గొంతు వినిపించింది. "రానీయప్పా. ఇల్లు నాది. ఆ పిల్లోడు రెండు వారాలు ఈడ పని చేసినాడు. నా చేతి మజ్జిగ తాగినాడు. వాడు చేసినాడంటే నాకు మనసొప్పలే."

భూపేష్ పక్కకు జరిగాడు. "చూసుకోండి. ముట్టుకోవద్దు."

గదిలో మూడు గోడలకూ కడప బండ అరలు. ఓబుళరెడ్డిది బండల ఎగుమతి వ్యాపారం. జర్మనీలో రాళ్ళ సంతలకు వెళ్ళిన ప్రతిసారీ పాత ఉక్కు టోపీలు కొనుక్కొచ్చేవాడు. ఇప్పుడు ఆయన లేడు. శవం ఆస్పత్రికి వెళ్ళిపోయింది. నేలమీద సుద్ద గీత, దాని తలవైపు రక్తపు మడుగు ఎండి మిగిల్చిన నల్లమచ్చ.

"ఆయన పడింది ఈడ," భూపేష్ చూపించాడు. "స్టాండు ఆడ. కొట్టి, టోపీ ఎత్తకపోదామని చేయి వేసినాడు. అంతలో బయట సద్దయింది. వదిలేసి పక్క తలుపున పారిపోయినాడు. ఇదో, మీవాని సంతకం."

పుర్రె టోపీకి రెండు పక్కలా చిన్న కొమ్ముల్లాంటి బొడిపెలున్నాయి. గాలి ఆడేందుకు వాటికి మధ్యలో బెజ్జాలు. కుడికొమ్ము బెజ్జం అంచున వేలి కొసంత ఎర్రచుక్క.

"రక్తమా?"

"మరి టమాటా సాసా? దూది మీద తీసి ల్యాబుకు పంపినాం. రెండు వారాల్లో కాగితం వస్తాది."

"శవం దగ్గర ఇంకేమీ దొరకలేదా?"

భూపేష్ విసుగ్గా ఒక ప్లాస్టిక్ కవరు ఎత్తాడు. లోపల వాడిపోయిన తమలపాకు. సగానికి సున్నం రాసి ఉంది, వక్క పెట్టలేదు. "శవాన్ని లేపినాక అరచేతి కింద ఉండె. పక్కన ఆకుపెట్టె. పెద్దాయన గంటకో ఆకు నమిలేవాడంట. మీ ఇన్సూరెన్సుకు పనికొస్తే రాసుకోండి. నా కేసుకు పనికిరాదు."

ఫిరోజా నేలమీది మచ్చను చూసింది. టోపీ మీది చుక్కను చూసింది. మళ్ళీ మచ్చను చూసింది. ఫోను టార్చి వెలిగించి కొమ్ము దగ్గరికి వంగింది.

"ముట్టుకోవద్దన్నానా లేదా?"

"మీ ల్యాబుకు కావాల్సింది మీరు తీసేసినారు. నాకు పుల్ల కొసంత చాలు. మీ ముందరే తీస్తా, మీరే సంతకం పెట్టండి."

దూది చుట్టిన పుల్లను బెజ్జంలో తిప్పి బయటికి తీసింది. కొసకు మెత్తని బూడిదరంగు మడ్డి అంటింది. అందులో ఇంకో రంగు కూడా ఉంది. ఇంకో పుల్లకు ఎర్రచుక్క అంచును అద్దుకుంది. రెండింటినీ కాగితంలో మడిచింది.

"ఈ టోపీల సంగతి తెలిసినవాళ్ళు ఎవరు?"

"మేనల్లుడు శ్రీకాంత్. కర్నూలు పక్కన ఓర్వకల్లులో పాలిషింగ్ ఫ్యాక్టరీ చూసుకుంటాడు. నిన్నంతా ఆడే ఉన్నాడంట. శవాన్ని తరలించినాక వచ్చినాడు, పాపం, ఆఖరి చూపు కూడా దొరకలే." భూపేష్ గుమ్మం దాకా నడిచి, గేటు దగ్గరున్న అతన్ని కేకేశాడు. "శ్రీకాంతూ, ఇట్ల రాప్పా. మేడమ్‌కు టోపీల పాఠం చెప్పు."

శ్రీకాంత్‌కు నలభై ఐదు ఉంటాయి. ఇస్త్రీ చెదరని తెల్లచొక్కా, ఏడ్చి ఉబ్బిన కళ్ళు. గదిలోకి వచ్చి సుద్ద గీతకు దూరంగా నిలబడ్డాడు.

"ఇవన్నీ జర్మనీవేనా?" ఫిరోజా అడిగింది.

"అన్నీ. మొదటి పెద్దయుద్ధంలో ఓడిపోయినాక వాళ్ళ సైన్యం చెల్లాచెదరైంది మేడమ్. ఇంటికి పోయిన సిపాయిలు ఊరికే ఉండలా. ఒక్కో నాయకుడు ఒక్కో దళం కట్టినాడు. ఫ్రైకోర్ అంటారు. సర్కారే జీతమిచ్చి వాళ్ళచేత తిరుగుబాటు చేసినోళ్ళను కాల్పించింది. తర్వాత 1920లో అందులో ఒక దళం బెర్లిన్ మీదికే పోయి, ఆ సర్కారునే ఊరు వదిలి పారిపోయేటట్టు చేసింది."

"మన ముఠాల మాదిరే అన్నమాట," అన్నాడు భూపేష్. "పెంచినోన్నే కరిచినాయి."

"నాలుగు రోజుల్లోనే మళ్ళీ వెనక్కి తగ్గినారు లెండి, దేశమంతా సమ్మె కట్టేసరికి. ఆ దళం టోపీల మీద అప్పటికే స్వస్తికం ఉండాది. హిట్లర్ పేరు అప్పటికి శానామందికి తెలీదు. మాజీ సిపాయిల సంఘం ఇంకోటి ఉండె. దాని పేరే 'ఉక్కు టోపీ'. హిట్లర్ వచ్చినాక దాన్ని కూడా తనలో కలిపేసుకున్నాడు."

చెప్పేకొద్దీ అతని గొంతులో దుఃఖం సర్దుకుని, ఇష్టమైన పాఠం చెప్పే మాస్టారి ఉత్సాహం వచ్చింది. ఫిరోజా దాన్ని గమనించింది.

"టోపీలు వాళ్ళు కొత్తగా చేయించుకున్నవేనా?"

"కాదు, యుద్ధంలో మిగిలినవే. పైన గుర్తు మాత్రం ఎవరికి వాళ్ళు చేత్తో పూసుకున్నారు. పుర్రె, ఆకు, దళం అక్షరాలు. ఆ దళాలు రద్దయినాక టోపీలకు మళ్ళీ రంగులు కొట్టి పోలీసోళ్ళకు, సైన్యానికి ఇచ్చేసినారు. అందుకే మొదటి రంగుతో నిలిచినవి శానా అరుదు."

"అంటే ఇనుము దొరుకుతుంది. రంగే దొరకదు."

"అంతే మేడమ్. ఒక్క మాటలో చెప్పినారు."

"ఈ పుర్రె టోపీ ఎప్పుడు వచ్చింది?"

"దీపావళి అయినాక. మ్యూనిక్‌లో ఒక ముసలాయన అటక మీదినుంచి. సీలు వేసిన పెట్టె మామ ముందరే ఇప్పినాం. అత్త కూడా చూసింది."

"అంతకుముందు?"

"అంతకుముందు అది ఇండియా మొహం చూడలేదు." శ్రీకాంత్ చేతిరుమాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. "గండికోట కాడ మ్యూజియం పెట్టాలని మామ ఆశ. రేపు హైదరాబాదు నుంచి నిపుణుడు వస్తాండె, ఇవన్నీ చూసేదానికి. ఏం లాభం? చేత్తో పట్టుకున్న ఆకు కూడా నోట్లో పెట్టుకోకుండానే పాయె మనిషి."

ఫిరోజా కాగితం పొట్లాన్ని సంచిలో పెట్టుకుంది. "లక్ష్మీదేవమ్మగారితో ఒక మాట. మీరిద్దరూ రండి, ఎదురుగానే అడుగుతా."

లక్ష్మీదేవమ్మ హాలులో చాప మీద కూర్చుని ఉంది. ఇంట్లో పొయ్యి వెలగలేదు. పక్కింటివాళ్ళు తెచ్చిన కాఫీ గ్లాసులో మీగడ కట్టింది.

"నిన్న సాయంత్రం మీరు యాడ ఉన్నారమ్మా?"

"వెనక వీధిలో వ్రతముంటే పోయినా. నేను పోయేటప్పుడు ముబీన్ సామాన్లు సర్దుకుంటాండె. వచ్చేసరికి ఆ గది తలుపు మూసి ఉండాది. ఆయప్ప టోపీల కాడ కూర్చుంటే ఆడనే పండుకుంటాడు. పిలిస్తే తిడతాడు. పిలవలే." ఆమె చాప పుల్ల ఒకటి పీకింది. "పిలిచింటే బాగుండు."

"దసరాకు ఆయుధపూజ చేసుకుంటారు కదా. ఆ గదిలో కూడా చేసినారా?"

భూపేష్ నవ్వు దాచుకోలేదు. "ఏం మేడమ్, ప్రసాదం కావాల్నా?"

లక్ష్మీదేవమ్మ అతన్ని పట్టించుకోలేదు. "ఇంట్లో ఇనుమంతటికీ పెడతామమ్మా, కత్తిపీట కాడినుంచి కారు దాకా. ఆ గదికి మాత్రం పోనియ్యలే. 'పసుపు తగిలితే రంగు పాడైతాది, నీ భక్తి వంటింట్లో పెట్టుకో' అనె. నాకూ వద్దనిపించె. పుర్రెకు బొట్టేంది, అపశకునం! ఆ తర్వాత కూడా నేను ఆ గడప తొక్కలే."

"శానా మంచిది," అంది ఫిరోజా. "సార్, మీ జీపు ముందర కట్టిన నిమ్మకాయ ఒకటి కావాలి."

"దేనికి?"

"మీకు దిష్టి తీసేదానికి."

నిమ్మకాయ వచ్చింది. ఎండకు వాడినా ఇంకా పిండితే రసం కారేలా ఉంది. ఫిరోజా కాగితం విప్పి ఎరుపు అద్దిన పుల్లను సి.ఐ. కళ్ళ ముందు పట్టుకుంది.

"నేలమీది రక్తం రాత్రినుంచి ఆరి నల్లగైంది. స్టాండు మీదిదీ నల్లగైంది. కొమ్ము మీది చుక్క ఒక్కటే ఇంకా ఇటుక రంగులో ఉండాది. ఒక మనిషి రక్తం రెండు రకాలుగా ఎండదు సార్."

దూది మీద రెండు చుక్కల రసం పిండింది. ఎరుపు విరిగింది. చూస్తుండగానే దూది పచ్చబడింది.

"పసుపు," లక్ష్మీదేవమ్మ ముందుగా అంది. "ఎర్రనీళ్ళమ్మా అది! పసుపూ సున్నమూ కలిపింది. దిష్టి తీసే ఎర్రనీళ్ళు!"

భూపేష్ పుల్లను లాక్కుని వెలుతురులో తిప్పి చూశాడు. వాళ్ళమ్మ ఎన్నిసార్లు పళ్ళెంలో ఎర్రనీళ్ళు తిప్పి వీధిలో పారబోసిందో అతనికి గుర్తు రాకపోదు. కానీ అంత సులభంగా వదిలే మనిషి కాదు.

"సరే, రక్తం కాదు. అయితే ఏం? పసుపు ముబీన్ చేతిదే అయ్యుండొచ్చు. వేలిముద్రలు యాడికి పోతాయి?"

"స్టాండు చేసినోని వేళ్ళు స్టాండు మీద లేకుంటే కదా అనుమానపడాల! పసుపు పైపైన లేదు సార్, బెజ్జం లోపల ఉండాది." మడ్డి అంటిన పుల్ల చూపించింది. బూడిదరంగు మడ్డి మధ్యలో పచ్చని చార. "సున్నం ఓబుళరెడ్డిగారి వేలిది. ఆకు మడుచుకుంటా టోపీని చూస్తాండాడు. కొమ్ములో ఏదో పచ్చగా కనబడితే సున్నపు వేలితోనే గీరినాడు. ఎర్రగైంది. చచ్చిపోయేలోపల ఆయన చూసిన ఆఖరి వింత అదే. మ్యూనిక్ అటక మీదినుంచి వచ్చిన టోపీలో పసుపు."

"వాళ్ళకు పసుపు ఉండదా ఏంది?" అన్నాడు శ్రీకాంత్.

"ఉంటాది. టోపీలకు పూస్తారా?" ఫిరోజా అతనివైపు తిరగలేదు. "సార్, ఈ మడ్డిని వేళ్ళ మధ్య రుద్ది చూడండి. వెల్డింగు కొట్టులో దొరికేది ఇనుప పొట్టు, గరగరమంటాది. ఇది పిండి మాదిరి జారుతాది. ఈ జిల్లాలో పుట్టినోళ్ళకు ఇది ఏందో నేను చెప్పాల్నా?"

భూపేష్ రుద్దాడు. తలెత్తలేదు. "బండల పాలిష్ మడ్డి."

"జర్మనీలో కూడా రాళ్ళ ఫ్యాక్టరీలు ఉండాయి," శ్రీకాంత్ గొంతు పెరిగింది. "నాకు తెలిసినంత మీకు తెలీదు. ఆ ముసలాయన ఇంట్లో ఏముండెనో నేనెట్ల చెప్పగలను? ఆ టోపీ నేను కొనుక్కొచ్చినా. అంతే. నిన్న నేను ఈ ఊర్లోనే లేను!"

"ఏమప్పా, నువ్వు ఉన్నావని ఎవరన్నారు?" ఫిరోజా భూపేష్‌వైపే చూస్తోంది. "సార్, ఒక్కటే ప్రశ్న. ఆ తమలపాకు కవరు నాకు తప్ప ఇంకెవరికైనా చూపించినారా?"

"లేదు. శవాన్ని లేపింది నేనూ నా కానిస్టేబులూ. వాడు శవంతో పాటే ఆస్పత్రికి పోయినాడు. కవరు నా సంచిలోనే..."

భూపేష్ మాట మధ్యలో ఆగిపోయింది. వేళ్ళకు అంటిన మడ్డి దులుపుకుని శ్రీకాంత్‌వైపు తిరిగాడు. ఈసారి అతని గొంతులో వెటకారం లేదు.

"ఒరే శ్రీకాంతూ. మీ మామ చేతిలో ఆకు ఉండెనని నీకెవరు చెప్పినారురా?"

శ్రీకాంత్ అత్తవైపు చూశాడు. ఆమె గడప దాటలేదని ఆమే చెప్పింది. శవం కింద ఉన్నది గుమ్మంలోంచి కనబడదు.

"మామ ఎప్పుడూ..." అని మొదలుపెట్టాడు. "ఎప్పుడూ ఆకు..."

"ఎప్పుడూ నమిలేవాడు. నిన్న నమల్లేదు. అది నీకెట్ల తెలుసు?"

లక్ష్మీదేవమ్మ చాప మీదినుంచి లేచింది. గోడ పట్టుకుని అతని ముందుకొచ్చి నిలబడింది. "చెప్పురా," అంది.

శ్రీకాంత్ కుర్చీ కోసం వెనక్కి తడుముకున్నాడు. దొరకలేదు. నేలమీదే కూర్చున్నాడు.

"ముబీన్‌ను ఇడిసిపెట్టండి సార్," అన్నాడు. ఆ తరువాత ఎవరూ అడగకుండానే చెప్పడం మొదలుపెట్టాడు.

"ఇనుము అసలుదే. అది మాత్రం రాసుకోండి. జర్మనీ నుంచే తెచ్చినా, నిరుడు. ఉత్త టోపీ, పైన గుర్తు లేదు. మామ అడిగింది పుర్రె టోపీ. ఎన్ని సంతలు తిరిగినా దొరకలే. దొరకలేదని చెప్పిన ప్రతిసారీ 'నీకు కండ్లు లేవురా' అనేవాడు. వచ్చినోళ్ళ ముందర కూడా అదే మాట. సరేలే, కండ్లున్నాయన చూసేది పుర్రెనే కదా అని నేనే గీసినా. పాలిష్ మడ్డితో రుద్దినా, వందేండ్ల నాటిదిగా కనబడేదాకా. పాత జర్మనీ పెట్టెలో పెట్టి సీలు కూడా నేనే వేసినా. పెట్టె ఇప్పిన పొద్దు మామ నన్ను వాటేసుకున్నాడు. 'నా కొడుకువురా నువ్వు' అన్నాడు. ఆయన ఫ్యాక్టరీకి నా వయసంతా పోసినా సార్. ఆ మాట ఎప్పుడూ అనలే.

"నిన్న నేను కడపలోనే ఉన్నా. రేపు నిపుణుడొస్తే ఏం చెప్తాడో అని భయం. ఏదో ఒకటి చెప్పి ఆ టోపీని మాత్రం చూపించకుండా చేద్దామని పక్క తలుపున వచ్చినా. ముబీన్ అప్పటికే పోయినాడు. మామ ఆకుకు సున్నం రాస్తాండాడు. టోపీని మురిపెంగా నిమురుతా, 'ఇదేందిరా కొమ్ములో పచ్చగా' అని వేలు పెట్టినాడు. వేలు తీసేసరికి ఎర్రగుండాది. దాన్ని చూసినాడు, నన్ను చూసినాడు. అంతా అర్థమైపాయె ఆయనకు.

"తిట్టింటే కాళ్ళు పట్టుకుందును అత్తా. నీమీద ఒట్టు. తిట్టలే. నవ్వినాడు. కడుపు పట్టుకొని నవ్వినాడు. 'జర్మనీ పుర్రెకు పసుపు పూసి పెండ్లికూతురు మాదిరి పంపినావు గదరా! రేపు హైదరాబాదాయనకు ముందు ఈ కథే చెప్తా' అన్నాడు. అటు తిరిగి మళ్ళీ ఆకు చేతికి తీసుకున్నాడు, ఇంకా నవ్వుతానే ఉన్నాడు. స్టాండు నా చేతికి అందింది. నవ్వు ఆగాల, అంతే అనుకున్నా. స్టాండు పట్టుకున్న చోటు రుమాలుతో తుడిచి, ఆ మరక కూడా తుడుద్దామని పోతి. అంతలో నువ్వు గేటు తీసిన సద్దు వినబడె."

"పసుపు పూసిందెవరు?" భూపేష్ అడిగాడు.

శ్రీకాంత్ తన చేతుల్ని చూసుకున్నాడు.

"తెలీదు సార్. రంగు ఆరాలని స్టోర్‌రూములో సుత్తులు, గునపాల మధ్యలో పెట్టింటి. ఆయుధపూజ వచ్చె. పనోళ్ళలో ఎవరో పూసింటారు, ఎద్దు కొమ్ములకు పూసినట్టు. పైనంతా నేనే కడిగినా. లోపల ఇంకిందని చూసుకోలే. వాళ్ళను అనేదానికి లేదు సార్. ఆ పొద్దు పసుపు పళ్ళెం వాళ్ళ చేతికిచ్చింది నేనే. ఇనుమనేది ఒక్కటి కూడా ఇడిసిపెట్టొద్దండ్రా, పాపం తగులుతాదని చెప్పింది కూడా నేనే."